దుబాసీ

రూసే పట్టణం. డాన్యూబ్ మీద పొగమంచు. నవంబరు.
మా మేనత్త రుమ్యానా పోతూ వదిలిన కంప్యూటర్‌ని
వంటగది బల్ల మీదికెక్కించాను.
తుడిచిన గుడ్డ నల్లబడింది, మీటలు మాత్రం తెల్లబడలేదు.
మీటకి రెండేసి అక్షరాలు:
ఒకటి మాది, ఒకటి పరాయిది.

స్విచ్ వేస్తే ముక్కు చీదినట్టు ఒక చప్పుడు,
ఆరుతూ వెలుగుతూ ఆకుపచ్చ చుక్క.
నలభై ఎనిమిది కిలోబైట్ల బుర్ర.
నా ఫోనులోని ఫోటోలో ఒక కనురెప్ప కూడా పట్టదందులో.
"ఎలా ఉన్నావ్" అని కొట్టాను.
తప్పు, అంది.
ఆ ఒక్క మాట మాత్రం దానికి బాగా వచ్చు.

దానికి కావలసింది దుబాసీ.
పుస్తకం మొత్తం తర్జుమా చేసి
చేతులు దులుపుకుని పోయే పండితుడు కాదు,
పక్కనే నిలబడి
ఒక్కో వాక్యం వింటూ, విన్నది విన్నట్టే
అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసేవాడు.

వెతికాను.
ఆదివారం సంతలో, తుప్పు పతకాలకీ గ్యాస్ మాస్కులకీ మధ్య
ఫ్లాపీలు పరిచిన ముసలాయన
"బేసిక్ ఉంది, రెండు లేవాలు" అన్నాడు.
బేసిక్ దాని కడుపులో పుట్టుకతోనే ఉంది తాతా.
ఫోర్త్ దొరికింది,
కర్త కర్మలన్నీ అయ్యాక గానీ క్రియ చెప్పని భాష.
ఫ్లాపీకి బూజు.
ఇంకోదాని అట్ట మీద లిస్ప్ అని ఉంది,
లోపల ఎవరివో తేనెపట్ల జమాఖర్చులు.
సోఫియా నుంచి టపాలో వచ్చినదాన్ని
డ్రైవు గీరి గీరి, కిర్రుమని, వదిలేసింది.

అత్త నోటుబుక్కు చివరి పేజీలో, పెన్సిలుతో:
తాబేలు భాష. ప్లామెన్ దగ్గర. మార్చి ఎనభై ఎనిమిది.
ఆవిడ బధిరుల బడిలో పాఠాలు చెప్పేది.

ప్లామెన్‌కి రేవు దగ్గర బేకరీ ఉంది.
నా మాట ఆయనకు వినబడదు, ఆయన చేతుల మాట నాకు రాదు.
మధ్యలో తొమ్మిదేళ్ళ నెవెనా,
మోచేతుల దాకా పిండి.
నేనన్నది తన వేళ్ళలోకి,
ఆయన వేళ్ళది తన నోట్లోకి.
"నువ్వూ మీ అత్తలాగే తొందరపడి మాట్లాడతావట."
అది నాన్న అన్నాడా, నువ్వు కలిపావా?
భుజాలెగరేసింది.

ఫ్లాపీ కేకు పెట్టెలో ఉంది,
మైనం కాగితంలో, ముప్పై ఏళ్ళుగా.
ఇవ్వనన్నాడు. వెంట తీసుకొస్తానన్నాడు.

ఆ సాయంత్రం మా వంటగదిలో
డ్రైవు అరుపుకి నేను చెవులు మూసుకున్నాను.
ఆయన దాని మీద అరచెయ్యి ఆనించాడు,
జ్వరం చూసినట్టు.
"చదువుతోందట," అంది నెవెనా.
మూత మీద బొటనవేలితో ఇంకాస్త నొక్కాడు.
ఆగింది. మళ్ళీ మొదలెట్టింది.
ఆగింది.

తెర నడుమ చిన్న త్రికోణం.
నాప్రెద్ 50 అని కొట్టాడు, అంటే ముందుకు.
తాబేలు కదిలింది.
వెనకాల గీత.

అప్పుడు తన పేరు కొట్టాడు,
ఏడో తరగతిలో ఆ పేరుతో తాను గీసిన బొమ్మ
ఇంకా ఉందేమోనని.
మా భాషలో ప్లామెన్ అంటే మంట.
తెర మీద జవాబొచ్చింది:
ప్లామెన్ ఎలా చేయాలో నాకు తెలియదు.

నవ్వాడు, చప్పుడు లేకుండా, భుజాలతో.
కుర్చీ ముందుకు లాక్కుని,
నేర్చుకో ప్లామెన్, అని కొట్టి
ఒక్కో గీత చెప్పడం మొదలెట్టాడు.
మధ్య మధ్య ఎడమ చెయ్యి గాల్లో ఏదో అంటోంది.

"ఏమంటున్నాడు?" అడిగాను.
నెవెనా నా రొట్టెకి వెన్న రాసుకుంటూ
తలెత్తకుండానే చెప్పింది:
"నీతో కాదు. దానితో."